కంపెనీ మునిగితే మన ఇంట్లో ఉన్న బ్యాటరీ సంగతేంటి?

సియాటిల్ చుట్టుపక్కల మన తెలుగు వాట్సాప్ గ్రూపుల్లో 2025 నవంబర్ నుంచి తిరుగుతున్న ప్రశ్న ఒకటే. "రాడ్ ఉంటుందా, మూసేస్తారా?" రాడ్ అంటే రాడ్ పవర్ బైక్స్, అడిగేవాళ్లలో చాలామంది ఇళ్లలో ఆ కంపెనీ ఎలక్ట్రిక్ సైకిలు ఉంది. పిల్లల్ని వెనక కూర్చోబెట్టుకుని స్కూల్లో దింపే రాడ్‌వ్యాగనో, సరుకులకీ పార్కుకీ తిరిగే రాడ్‌రన్నరో. జవాబులు మాత్రం షేర్ల గురించి మాట్లాడుకున్నట్టు వస్తున్నాయి. ఎవరో ఒకరు కొనేస్తార్లే, అంత పేరున్న బ్రాండు ఊరికే పోదు అని ఒకరు, ఇక అయిపోయింది, వచ్చినకాడికి అమ్మేసుకో అన్నా అని ఇంకొకరు.

ఈ రెండు జవాబులూ నాకు సరిపోలేదు. మనం ఆ కంపెనీలో డబ్బు పెట్టినవాళ్లం కాదు, దాని సైకిలు ఎక్కుతున్నవాళ్లం. షేర్లు పడిపోతే డబ్బు పోతుంది, అంతే. సైకిలు చేసిన కంపెనీ పడిపోతే గ్యారేజీలో ఛార్జింగ్ పెట్టిన బ్యాటరీకి జవాబు చెప్పేవాడు ఉండడు. ఈ తేడా ఎంత పెద్దదో రాడ్ విషయంలో కాగితం మీద, ప్రభుత్వ భాషలోనే కనబడింది. అందుకే ఇంత వివరంగా రాస్తున్నా.

ముందు జరిగింది చెప్తాను. రాడ్ పవర్ బైక్స్ మన సియాటిల్‌లోని బాలార్డ్ కంపెనీయే. మైక్ రాడెన్‌బా అనే ఆయన 2007లో చిన్నగా మొదలుపెట్టి, 2015 నుంచి దుకాణాల జోలికి పోకుండా నేరుగా ఆన్‌లైన్‌లో అమ్మడం మొదలుపెట్టాడు. వేరే కంపెనీల సైకిళ్లు మూడు నాలుగు వేల డాలర్లు ఉన్న రోజుల్లో వీళ్లవి దాదాపు 1,500 నుంచి 2,000 మధ్యలో దొరికేవి, కాబట్టి మామూలు కుటుంబాలు కూడా ధైర్యం చేసి కొన్నాయి. కోవిడ్ వచ్చాక అందరూ సైకిళ్ల మీద పడ్డారు. 2021లోనే ఫిబ్రవరిలో 150 మిలియన్లు, అక్టోబర్‌లో మళ్లీ 154 మిలియన్ డాలర్ల పెట్టుబడి వచ్చింది. ఆ డబ్బుతో, ఆ ఊపుతో ఆర్డర్లు పెట్టుకుంటూ పోయారు. 2022 వచ్చేసరికి జనం మళ్లీ కార్లెక్కారు, గోడౌన్లలో సరుకు మిగిలింది, లేఆఫ్‌లు మొదలయ్యాయి, తర్వాత ఏడాది యూరప్ నుంచి బయటికొచ్చేశారు. ఆపైన చైనా నుంచి వచ్చే సరుకు మీద సుంకాలు. దివాలా కాగితాల్లో అమెరికా కస్టమ్స్‌కి బాకీపడ్డదే 80 లక్షల డాలర్ల పైన ఉంది.

2025 నవంబర్‌లో వార్న్ నోటీసు బయటికొచ్చింది. మన ఐటీ వాళ్లకి వార్న్ నోటీసు అంటే ఏంటో ఎవరూ చెప్పక్కర్లేదు. జనవరిలో మూతపడొచ్చు, 64 మంది ఉద్యోగాలు పోవచ్చు అని. డిసెంబర్ మధ్యలో ఐపీ పెట్టేశారు, ఇక్కడి లెక్కలో చాప్టర్ 11. ఆస్తులు దాదాపు 32 మిలియన్లు, అప్పులు దాదాపు 73 మిలియన్లు చూపించారు. 2026 జనవరిలో ఫ్లోరిడాకి చెందిన లైఫ్ ఈవీ అనే కంపెనీ వేలంలో సుమారు 13 మిలియన్ డాలర్లకి కొనుక్కుంది. ఒకే ఏడాదిలో 300 మిలియన్లు తెచ్చుకున్న కంపెనీ ఐదేళ్లు తిరక్కుండా 13కి పోయింది.

ఇంతవరకూ మామూలు వ్యాపార కథే, ఇలాంటివి చూస్తూనే ఉన్నాం. నా గుండె ఆగినంత పనైంది మాత్రం ఈ రెండింటి మధ్యలో, నవంబర్ 24న వచ్చిన హెచ్చరిక చదివినప్పుడు. వినియోగదారుల వస్తువుల భద్రత చూసే ఫెడరల్ కమిషన్ ఇచ్చింది అది. ఆర్‌పీ-1304, హెచ్‌ఎల్-ఆర్‌పీ-ఎస్1304 అనే రెండు రకాల రాడ్ బ్యాటరీలు ఉన్నట్టుండి అంటుకోవచ్చు, పేలొచ్చు, వెంటనే వాడటం ఆపండి అని. 31 అగ్నిప్రమాదాల ఫిర్యాదులు వచ్చాయట, వాటిలో 12 చోట్ల ఆస్తి నష్టం, మొత్తం 7 లక్షల 34 వేల డాలర్లు. కొన్నిచోట్ల ఛార్జింగ్‌లో లేనప్పుడు, అసలు సైకిలే వాడనప్పుడు, మూలన పెట్టి ఉన్నప్పుడు కూడా అంటుకున్నాయని రాశారు. బ్యాటరీకో దాని వైర్లకో నీళ్లు, మట్టి తగిలితే ముప్పు ఎక్కువని కూడా. అక్టోబర్ నుంచి ఏప్రిల్ దాకా వాన తగ్గని ఈ ఊళ్లో చదివిన ఎవరికైనా ఆ ఒక్క ముక్క చాలు, నిద్ర పట్టదు.

ఆ తర్వాతి వాక్యం ఇంకా దారుణం. మామూలుగా ఇలాంటప్పుడు రీకాల్ ఉంటుంది, పాతది తీసుకుని కొత్తదిస్తారు లేదా డబ్బులిస్తారు. ఇక్కడ కంపెనీ ఒప్పుకోలేదు. తమ ఆర్థిక పరిస్థితి వల్ల అందరికీ కొత్త బ్యాటరీలు గానీ డబ్బు వాపసు గానీ ఇవ్వలేమని కంపెనీ చెప్పిందని ఆ హెచ్చరికలోనే రాసి ఉంది. న్యాయానికి కంపెనీ మాట కూడా చెప్పాలి. తమ బ్యాటరీలు బయటి ల్యాబుల్లో పరీక్షలు నెగ్గినవేనని, సమస్య వచ్చింది ఒక శాతంలో ఏదో కొద్ది భాగానికేనని, తగ్గింపు ధరకి కొత్తరకం సేఫ్ షీల్డ్ బ్యాటరీలు ఇస్తామన్నా కమిషన్ ఒప్పుకోలేదని, అన్ని బ్యాటరీలూ మార్చమంటే కంపెనీ ఆ రోజే మూతపడుతుందని వాళ్ల వాదన. లెక్కల ప్రకారం ఆ చివరి మాట నిజమే అయ్యుండొచ్చు, ఎందుకంటే మూడు వారాలకే ఐపీ పెట్టారు కదా.

కానీ ఇంట్లో ఇద్దరు పిల్లల్ని పెట్టుకుని ఆ సైకిలు కొన్న తల్లికి ఆ లెక్క ఎందుకు? కంపెనీ బ్యాంకు ఖాతాలో డబ్బుంటే బ్యాటరీ ప్రమాదకరం కాబట్టి మార్చి ఇస్తారు. డబ్బు లేకపోతే అదే బ్యాటరీ, అదే ప్రమాదం, కానీ మీ ఖర్చు మీద మీరే తీసి పారేసుకోండి అంటారు. విడిగా కొనాలంటే ఆ బ్యాటరీ దాదాపు 550 డాలర్లు. సైకిలు ధరలో మూడో వంతు. నాకు కోపం వచ్చింది ఇక్కడే, ఆ కోపం ఇంకా పోలేదు. కంపెనీ ఆర్థిక స్థితి గురించి కస్టమర్ అడిగితే "మీకెందుకండీ అవన్నీ" అన్నట్టు చూస్తారు చాలామంది. ఎందుకో ఇప్పుడు అర్థమై ఉంటుంది.

చాప్టర్ 11 అంటే మూసేయడం కాదు, నడుస్తూనే ఉంటుంది అని గ్రూపులో ఒకాయన ధైర్యం చెప్పాడు. మాట నిజమే, కానీ అందులో కస్టమర్ ఎక్కడ నిలబడతాడో కూడా చెప్పాలి. డబ్బు కట్టి సరుకు అందనివాళ్లకి చట్టంలో కొంచెం ముందు వరస ఉంది. ఇంటి అవసరానికి కట్టిన అడ్వాన్సులో మనిషికి 3,800 డాలర్ల వరకూ మామూలు అప్పులవాళ్ల కంటే ముందు చూస్తారు. ముందు అంటే అందరికంటే ముందు కాదు. తాకట్టు పెట్టుకుని అప్పిచ్చినవాళ్లు, లాయర్ల ఫీజులు, జీతాలు అన్నీ అయ్యాకే. ఇక వారంటీ ఉన్నవాళ్లది చివరి వరస. రెండేళ్ల వారంటీ అని అట్ట మీద అచ్చేసిన మాట, కోర్టు దృష్టిలో సరుకు అరువిచ్చిన సప్లయర్ చేతిలో ఉన్న బిల్లులాంటిదే. వచ్చేదేమైనా ఉంటే డాలరుకి కొన్ని సెంట్లు. వేలంలో కొన్న కొత్త యజమాని పేరు, డిజైన్లు, సరుకు తీసుకుని పాత వారంటీల భారం వదిలేసుకోవడానికి కూడా చట్టం ఒప్పుకుంటుంది. తీసుకున్నాడో లేదో తెలియాలంటే అమ్మకపు ఒప్పందం చదవాలి, బ్రాండు పేరు మారలేదు కదా అని ధీమాగా ఉంటే కుదరదు.

అందుకని కట్టేది ఎప్పుడైనా క్రెడిట్ కార్డు మీదే కట్టండి. డెబిట్ కార్డు, బ్యాంకు ఖాతాలోంచి నేరుగా డబ్బు పంపే జెల్ అస్సలు వద్దు. సరుకు రాకపోతే కట్టిన డబ్బు వెనక్కి ఇప్పించమని కార్డు బ్యాంకుకి ఛార్జ్‌బ్యాక్ పెట్టొచ్చు, అది దివాలా కోర్టుతో సంబంధం లేని దారి. కానీ స్టేట్‌మెంట్ వచ్చిన 60 రోజుల లోపల రాతపూర్వకంగా అడగాలి. "వచ్చే నెల పంపిస్తాం మేడం" అని కంపెనీ వాయిదాలేస్తుంటే మర్యాదకి ఊరుకుని ఆ గడువు దాటించుకోకండి. దివాలా కోర్టులో ఇచ్చే క్లెయిమ్ ఫారం కూడా గడువు లోపల వేసేయండి, దానికి ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు.

ఇది ఒక్క రాడ్ కథ అయితే ఇంత పొడుగు రాసేదాన్ని కాదు. నెదర్లాండ్స్‌లో మన తెలుగువాళ్లు చాలామంది ఉన్నారు, ఆమ్‌స్టెల్‌వీన్ వైపు ఎవరినైనా అడగండి, వాన్‌మూఫ్ పేరు తెలియనివాళ్లు ఉండరు. 2009లో ఆమ్‌స్టర్‌డామ్‌లో కార్లియర్ అన్నదమ్ములు పెట్టిన కంపెనీ. చూడటానికి ఎంత అందంగా ఉంటుందంటే వైరు కనబడదు, బ్యాటరీ కనబడదు, అన్నీ ఫ్రేము లోపలే. తాళం కూడా ఫోన్‌లోనే. 2021లో వాళ్లకీ 128 మిలియన్ డాలర్లు వచ్చాయి, అదే ఏడాది నష్టం దాదాపు 78 మిలియన్ యూరోలు. 2023 జూన్ ఆఖర్లో వెబ్‌సైట్‌లో అమ్మకాలు ఆగిపోయాయి. ముందు సాంకేతిక సమస్య అన్నారు, తర్వాత పాత ఆర్డర్లు పూర్తిచేయడానికి మేమే ఆపాం అన్నారు. జూలై 12న అప్పుల చెల్లింపు ఆపుకోవడానికి కోర్టు అనుమతి, 17న దివాలా. రిపేరుకిచ్చిన సైకిళ్లు మూసిన షట్టర్ల వెనక ఉండిపోయాయి. డబ్బు కట్టి సైకిలు రానివాళ్లు అప్పులవాళ్ల జాబితాలో చేరారు.

అక్కడ ఇంకో కొత్త భయం పుట్టింది. ఆ సైకిలుకి ఒక డిజిటల్ తాళంచెవి ఉంటుంది, అది కంపెనీ సర్వర్ నుంచి ఫోన్‌లోకి దిగుతుంది. సర్వర్ కరెంటు బిల్లు కట్టేవాడు లేకపోతే? ఫోన్ మార్చినా, యాప్‌లో లాగౌట్ అయినా మళ్లీ తాళంచెవి ఎక్కడినుంచి తెచ్చుకోవాలి? మాన్యువల్ కోడ్ ఒకటుంది గానీ మిగతా సెట్టింగులకి యాప్ కావాల్సిందే. అప్పుడు పోటీ కంపెనీ, బెల్జియం వాళ్లు, కౌబాయ్, కొద్దిరోజుల్లోనే బైకీ అనే చిన్న యాప్ రాసి ఉచితంగా ఇచ్చారు, ఎవరి తాళంచెవి వాళ్లు దింపుకుని దాచుకోవడానికి. ఎంతో మంచి పని చేశారు, ఆ ఇంజినీర్లకి దండం పెట్టాలనిపించింది. ఆ ఆగస్టు చివర్లో మెక్‌లారెన్ అప్లైడ్ వాళ్ల లావోయీ కంపెనీ వాన్‌మూఫ్‌ని కొనుక్కుంది, సర్వర్లు బతికాయి. పాత వారంటీలు, పాత ఆర్డర్లు మాత్రం తీసుకోలేదు. రెండేళ్లు తిరిగేసరికి, 2025లో, కౌబాయ్‌కే డబ్బు కష్టాలొచ్చి కస్టమర్లు విడిభాగాల కోసం ఎదురుచూసే పరిస్థితి వచ్చింది.

అంటే చెడ్డ కంపెనీలే మునుగుతాయని కాదు. రాడ్ సైకిళ్లు గట్టివే, వాన్‌మూఫ్ ఆలోచన గొప్పదే, కౌబాయ్ వాళ్లు మంచివాళ్లే. ఈ వ్యాపారం తీరే అలా ఉంది. సరుకు ఆరునెలల ముందు ఆర్డరివ్వాలి, ఓడ మీద రావాలి, సీజను వేసవి ఒక్కటే, పైగా ఒక్కో సైకిలు 20, 30 కిలోల బరువు, కస్టమర్ ఇంటికి పంపించాలి, చెడితే మనిషిని పంపించాలి లేదా వెనక్కి తెప్పించుకోవాలి. అమ్మినప్పుడు వచ్చే లాభం ఒకసారే వస్తుంది, సర్వీసు ఖర్చు మాత్రం ఏళ్లతరబడి ఉంటుంది. కొత్త సైకిళ్లు అమ్మిన డబ్బుతో పాత సైకిళ్ల వారంటీ మోస్తుంటారు. అమ్మకాలు తగ్గిన ఏడాదే ఆ బండి ఆగిపోతుంది.

నా సైకిలు వీళ్లెవరిదీ కాదు, ఇంకో చిన్న ఆన్‌లైన్ కంపెనీది. పేరు రాయను. మీటరు స్క్రీన్ పోయింది. స్క్రీన్ పోతే స్పీడు కనబడకపోవడం ఒక్కటే కాదు, ఆన్ బటన్ దాంట్లోనే ఉంటుంది కాబట్టి మోటారే తిరగదు. ఈమెయిల్ పెడితే జవాబొస్తుంది, చాలా మర్యాదగా వస్తుంది, స్టాకు లేదు, రాగానే చెప్తాం అని. ఆ "రాగానే" ఎప్పటికీ రాదు. ఇక దగ్గర్లో ఉన్న సైకిల్ షాపుకి తోసుకెళ్లా. చాలాచోట్ల ఆన్‌లైన్‌లో కొన్న ఎలక్ట్రిక్ సైకిలు అనగానే, బ్రేకులూ చైనూ చూస్తాం, కరెంటు జోలికి రాం అంటారు, ఇన్సూరెన్స్ ఒప్పుకోదట. ఈ షాపాయన మాత్రం స్టాండుకి ఎక్కించి, హ్యాండిల్ కింద వైరు పట్టుకుని స్క్రీన్ కనెక్టర్ లాగి చూపించాడు. లోపల ఐదు పిన్నులు, పక్కన చిన్న బాణం గుర్తు. ఆయన డబ్బాలోంచి అచ్చం అలాంటి కనెక్టరే ఉన్న వేరే కంపెనీ స్క్రీన్ తీసి పెట్టాడు. చక్కగా పట్టింది, బిగిసింది, వెలిగింది కూడా. వెలిగి ఎర్రర్ నంబర్ చూపించి ఆగిపోయింది. ప్లగ్గు ఒకటే అయినా ఆ స్క్రీన్, మోటారుని నడిపే కంట్రోలర్ ఒకదానితో ఒకటి మాట్లాడుకునే పద్ధతి వేరట. కొన్ని యూఏఆర్‌టీ అట, కొన్ని క్యాన్ అట, ఒకే మోటారు కంపెనీలో కూడా పాతవాటికీ కొత్తవాటికీ కలవవట. "కంట్రోలర్, స్క్రీన్ రెండూ జంటగా మార్చేస్తే తిరుగుతుంది, కానీ అప్పుడు నీ బ్యాటరీ లోపలి బోర్డు ఏమంటుందో నేను చెప్పలేను" అన్నాడాయన. అంత నిజాయితీగా చెప్పినందుకు చాలా సంతోషమేసింది.

అప్పటినుంచి ఎవరైనా "అక్కా, ఏ కంపెనీ మంచిది" అని అడిగితే నేను కంపెనీ గురించి చెప్పడం మానేసి సైకిలు గురించి అడుగుతున్నా. ఆ కంపెనీ రేపు పొద్దున్న బోర్డు తిప్పేస్తే ఈ సైకిలు ఎన్నాళ్లు తిరుగుతుంది? మోటారు, బ్యాటరీ బాష్, షిమానో, యమహా లాంటి వాళ్లవైతే సైకిలు మీద పేరు ఎవరిదైనా సర్వీసు చేసే షాపులు ఊరూరా ఉంటాయి. ధర ఎక్కువే, ఒప్పుకుంటా, ఆ ఎక్కువ ధరలో సగం దీనికే అనుకోండి. బ్యాటరీ బయటికి తీయగలమా, తీసి గ్యారేజీలో విడిగా పెట్టుకోగలమా? ఫోన్ లేకుండా సైకిలు కదులుతుందా? ఆ కంపెనీ వెబ్‌సైట్‌లో సైకిళ్ల పేజీ కాదు, విడిభాగాల పేజీ తెరవండి. మూడు నాలుగేళ్ల కిందటి మోడల్‌కి బ్యాటరీ, ఛార్జర్, స్క్రీన్ స్టాకులో ఉన్నాయా? కొత్త మోడళ్లు మెరుస్తూ పాత వాటికి అన్నీ "సోల్డ్ అవుట్" అని ఉంటే, నా మటుకు నాకు ఆ కంపెనీ జాతకం అక్కడే తెలిసిపోయినట్టు. యూఎల్ 2849 సర్టిఫికెట్ ఉందా అని కూడా చూడండి. అది మోటారు, బ్యాటరీ, ఛార్జర్ మొత్తం కలిపి చేసే పరీక్ష. న్యూయార్క్ సిటీలో 2023 సెప్టెంబర్ నుంచి అది లేనివి అమ్మకూడదని చట్టమే ఉంది. అయితే మొత్తం కలిపి పరీక్షించారు కాబట్టి, చవగ్గా దొరికిందని వేరే బ్యాటరీ తగిలిస్తే ఆ సర్టిఫికెట్‌కి అర్థం పోతుంది. కంపెనీ లేకుండా పోయాక అందరూ వెతికేది సరిగ్గా అలాంటి చవక బ్యాటరీలే, అందుకే నాకు ఇంకా భయం.

హైదరాబాద్‌లో, విజయవాడలో ఉన్న మనవాళ్లకి కూడా ఒక మాట. మా పెద్దమ్మ కొడుకు వాళ్ల అమ్మాయి కాలేజీకి ఎలక్ట్రిక్ బండి కొందామనుకుంటూ, "హీరో వాళ్లది కదే, ఎక్కడికి పోతారు" అన్నాడు. హీరో పేరుతో ఉన్నవన్నీ ఒక కంపెనీ కావు. ముంజాల్ కుటుంబం పంపకాలయ్యాక మోటార్‌సైకిళ్ల హీరో మోటోకార్ప్ వేరు, లెక్ట్రో పేరుతో ఎలక్ట్రిక్ సైకిళ్లు చేసే హీరో సైకిల్స్ వేరు, స్కూటర్లు చేసిన హీరో ఎలక్ట్రిక్ వేరు. ఆ హీరో ఎలక్ట్రిక్ ఒకప్పుడు దేశంలో ఎలక్ట్రిక్ స్కూటర్లలో ముందున్న కంపెనీ. దిగుమతి భాగాల వివాదంలో కేంద్ర ప్రభుత్వం ఎలక్ట్రిక్ బండ్లకి ఇచ్చే ఫేమ్-2 సబ్సిడీ ఆగిపోయింది, 2024 డిసెంబర్‌లో కంపెనీల కేసులు చూసే ట్రిబ్యునల్ ఎన్‌సీఎల్‌టీ దివాలా ప్రక్రియకి తీసుకుంది. అక్కడి డీలర్ల దగ్గర కొన్నవాళ్లకి కూడా ఇదే గతి, బ్యాటరీకి ఎవర్ని అడగాలో తెలియదు. పేరు చూసి కాదు, మీ ఊళ్లో సర్వీసు సెంటర్ షట్టరు తెరిచి ఉందో లేదో, దాంట్లో బ్యాటరీ స్టాకు ఉందో లేదో వెళ్లి చూసి కొనండి.

ఇక్కడ కొందరికి ఇంకో ఆలోచన వచ్చింది, సెలవులకి ఇండియా వెళ్తూ ఈ రాడ్ బ్యాటరీ తీసుకెళ్లి అక్కడ ఎవరికైనా ఇచ్చేద్దామని. దయచేసి ఆ పని చేయకండి. విమానంలో 100 వాట్ అవర్ల లోపు బ్యాటరీలకే మామూలుగా అనుమతి, 160 వరకూ ఎయిర్‌లైన్ ఒప్పుకుంటేనే. రాడ్ బ్యాటరీ 48 వోల్టులు, 14 ఆంప్ అవర్లు, అంటే 672. చెకిన్‌లోనూ కుదరదు, చేతి సంచిలోనూ కుదరదు. మీ చెత్తబుట్టలోనూ, దుకాణాల్లో చిన్న బ్యాటరీలు వేసే డబ్బాల్లోనూ వేయకూడదు. మీ సిటీ ప్రమాదకర వ్యర్థాల కేంద్రానికి ముందు ఫోన్ చేసి, ఇది హెచ్చరిక వచ్చిన లిథియం బ్యాటరీ అని చెప్పి, తీసుకుంటారో లేదో కనుక్కుని వెళ్లండి. ఈలోపు సైకిలు నుంచి తీసేసి, ఛార్జింగ్ పెట్టకుండా, పడుకునే గదులకీ బయటికెళ్లే తలుపుకీ దూరంగా ఉంచండి.

యూరప్‌లో ఒక చట్టం వస్తోంది, దాని గురించి మనవాళ్లు ఎవరూ మాట్లాడుకోరు. 2027 ఫిబ్రవరి 18 నుంచి ఎలక్ట్రిక్ సైకిళ్లలాంటి వాటి బ్యాటరీలు, లోపలి సెల్స్‌తో సహా, కంపెనీతో సంబంధం లేని మెకానిక్ కూడా తీసి మార్చగలిగేలా ఉండాలి. మోడల్ అమ్మకం ఆపేశాక కూడా కనీసం ఐదేళ్లు విడి బ్యాటరీలు దొరకాలి, సాఫ్ట్‌వేర్‌తో అడ్డం పెట్టకూడదు. కంపెనీయే లేకపోతే ఐదేళ్లు ఎవరిస్తారు అని అడగొచ్చు, నిజమే, ఆ లోటు దాంట్లోనూ ఉంది. కానీ బయటి మెకానిక్ చేతికి అందేలా చేస్తే కంపెనీ పోయినా సైకిలు బతుకుతుంది. అమెరికాలో దీనికి తోడు ఇంకొకటి కావాలంటాను. బ్యాటరీ అమ్మిన రోజే ఒక్కోదానికి కొంత డబ్బు వేరే నిధిలో వేయించాలి, ప్రమాదకరమని తేలితే కంపెనీ ఖాతాలో డబ్బుందా లేదా అని చూడకుండా ఆ నిధిలోంచి మార్చి ఇవ్వాలి. సైకిలు ధర కొంచెం పెరుగుతుంది, పెరగనివ్వండి.

గ్రూపులో ఇప్పుడు సెకండ్ హ్యాండ్ రాడ్ సైకిళ్లు సగం ధరకి, అంతకంటే తక్కువకి కనబడుతున్నాయి, తీసుకోవచ్చా వదినా అని ఇద్దరు ముగ్గురు అడిగారు. బ్యాటరీ తీసి వెనక్కి తిప్పితే లేబుల్ మీద నంబర్ ఉంటుంది. ఆర్‌పీ-1304 అనో హెచ్‌ఎల్-ఆర్‌పీ-ఎస్1304 అనో ఉంటే ఊరికే ఇచ్చినా ఆ బ్యాటరీ తీసుకోకండి. సేఫ్ షీల్డ్ రకమైతే ఆ హెచ్చరికలో లేదు, అప్పుడు సైకిలు పరిస్థితి చూసి బేరమాడుకోండి, వారంటీ సున్నా అనుకునే ధర కట్టండి. అమ్మేవాళ్లకి కూడా చెప్తున్నా, ఆ బ్యాటరీలు అమ్మొద్దు, ఎవరికీ ఇవ్వొద్దు అని హెచ్చరికలోనే ఉంది. సైకిలు అమ్మాలనుకుంటే బ్యాటరీ లేకుండా అమ్మండి, ఎందుకు లేదో రాసి పెట్టండి.